వేషధారణ కళలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు

తెలిసిన కథలోని పాత్రను ఒంటిమీదికి తెచ్చుకొని, ఆ కథ తెలిసిన జనం నడుమ నిలబడటం వేషధారణ. నగరాల్లో జరిగే కామిక్ కాన్‌లలో యువతీయువకులు దీన్నే కాస్‌ప్లే అంటున్నారు. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో ఇదే పని కులవృత్తిగా, మొక్కుగా, జాతర వేడుకగా, పొట్టకూటి విద్యగా తరతరాల నుంచి నడుస్తోంది. కామిక్ కాన్ ఇండియా జరిపే సమ్మేళనాలు పెద్ద నగరాలకే పరిమితం కనుక ఇక్కడి అభిమానులకు అందుబాటులో ఉన్నది హైదరాబాద్‌లో జరిగేదే. అక్కడ సూపర్ హీరో కవచం తొడుక్కున్న విద్యార్థి చేసే పనికీ, దేవరుప్పుల మండలంలో చిందు కళాకారుడు కిరీటం కట్టుకొని చేసే పనికీ మూలం ఒకటే. వేషం కట్టే హక్కు ఎవరిది, ఖర్చు ఎవరిది, వేషం విప్పాక ఆ మనిషికి దక్కే మర్యాద ఎంత అనే దగ్గర మాత్రం రెండింటికీ చాలా దూరం ఉంది. ఈ వ్యాసం ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది.

ప్రాంతం, పాత ఆధారాలు

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. వీటిలో ఎక్కువ భాగం అంతకుముందు ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండేది. అప్పట్లో భూపాలపల్లిలో చేరిన ములుగు ప్రాంతం 2019 ఫిబ్రవరి 17న వేరే జిల్లా అయింది. కళారూపాలు మాత్రం ఈ గీతలకు లొంగవు. ఒక చిందు మేళం తిరిగే ఊళ్లు నేటి లెక్కన రెండు మూడు జిల్లాల్లో ఉండవచ్చు. జనగామ పక్కనే ఉన్న చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయినా, అక్కడి నకాషీ చిత్రకారులు గీసిన పటాలు ఈ ప్రాంతపు కథకుల చేతుల్లోనే బతికాయి.

ఇక్కడి వేషాలకు సాహిత్యంలో దొరికే సాక్ష్యం చాలా పాతది. జనగామ జిల్లా పాలకుర్తి పేరుతో ముడిపడిన 13వ శతాబ్దపు శివకవి పాల్కురికి సోమనాథుడు తన ‘పండితారాధ్య చరిత్ర’ పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసందోహాన్ని వర్ణించాడు. ప్రమథుల కథలనూ పూర్వభక్తుల చరిత్రలనూ నాటకాలుగా ఆడేవాళ్లు, బొమ్మలాట ఆడించేవాళ్లు ఆ వర్ణనలో కనిపిస్తారు. వాళ్లు కట్టినవి తమకు ప్రాణమైన భక్తుల వేషాలు, చూసినవాళ్లూ ఆ భక్తుల కథలను కంఠస్థం చేసినవాళ్లే. అభిమాన వేషధారణకు తెలుగులో ఇంతకన్నా స్పష్టమైన పాత చిత్రం వెతకనక్కరలేదు. ఓరుగల్లు వీధుల కథ చెప్పే ‘క్రీడాభిరామం’లోనూ జక్కుల స్త్రీ కామేశ్వరి కథను ఆడిపాడే ఘట్టం ఉంది.

పాలకుర్తి మండలంలోనే ఉన్న బమ్మెర గ్రామం కవి పోతన స్వగ్రామంగా ప్రసిద్ధం. ప్రహ్లాదుడు, వామనుడు, గజేంద్రుడు, రుక్మిణి తెలుగువారి మనసులో స్థిరపడింది ఆయన భాగవతం వల్ల. ఇక్కడ ఆడే ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడు గద తిప్పుతూ వస్తుంటే, అతను ఎవరో, ఏమంటాడో, ఎలా చస్తాడో ముందు వరసలోని పిల్లవాడికి కూడా తెలుసు. వేషధారణకు అలాంటి ప్రేక్షకుడే కావాలి.

చిందు యక్షగానం

ఈ ప్రాంతపు వేషధారణకు శిఖరం చిందు యక్షగానం. చిందు భాగవతం అనీ అంటారు. ఆడేవాళ్లు చిందోళ్లు. షెడ్యూల్డు కులాల్లో ఒకటైన ఈ కులం మాదిగలకు ఆశ్రిత కులం. ప్రతి చిందు కుటుంబానికీ కొన్ని ఊళ్లపై మిరాశి ఉంటుంది. ఆ ఊళ్లలోని మాదిగవాడలో ఆట ఆడే హక్కు ఆ కుటుంబానిదే, మరొకరు అడుగుపెట్టరాదు. ఆట ఆడినందుకు వాడవాళ్లు ఇవ్వాల్సిన ధాన్యం, డబ్బు, బట్టలు కట్టడి ప్రకారం ముట్టాలి. పంటలు ఇంటికి చేరాక మేళం ఎడ్లబండ్ల మీద సామాను వేసుకొని ఊరూరూ తిరిగేది. రాత్రి పొద్దుపోయాక మొదలైన ఆట తెల్లవారేదాకా సాగేది.

వీరి కథల్లో మొదటి స్థానం జాంబ పురాణానిది. సృష్టికి ముందే పుట్టినవాడుగా చెప్పే ఆది జాంబవుడికీ బ్రాహ్మణుడికీ నడిచే వాదమే అందులో ప్రధాన ఘట్టం. మాదిగల పుట్టుకను, గౌరవాన్ని నిలబెట్టే కథ అది. దాన్ని ఆడటం చిందువారికి వినోదం మాత్రమే కాదు, కర్తవ్యం కూడా. ఎల్లమ్మ పండుగల్లో ఎల్లమ్మ వేషం, గోసంగి వేషం కట్టేదీ వీరే. ఆ వేషం ముందు జనం చేతులు జోడిస్తారు. ఎల్లమ్మ వేషంతోనే పేరుపొంది, దాన్నే తన పేరుగా మార్చుకున్న నిజామాబాద్ ప్రాంతపు చిందు ఎల్లమ్మ 2005లో మరణించేదాకా ఈ కళకు ప్రతీకగా నిలిచింది. ఇవి కాక సారంగధర, బాలనాగమ్మ, కాంభోజరాజు కథ, సత్యహరిశ్చంద్ర, భక్త ప్రహ్లాద, గయోపాఖ్యానం వంటివి రాత్రి ఆటలుగా ఆడతారు. తెలంగాణలో ఆడే యక్షగానాల్లో చాలావాటిని రాసింది చెర్విరాల భాగయ్య. ఆయన పుస్తకాలు మేళాల పెట్టెల్లో నలిగి నలిగి, పాటలుగా నోళ్లలోకి వెళ్లిపోయాయి.

వేషం తయారయ్యే తీరును కాస్త వివరంగా చెప్పుకోవాలి. కిరీటం, భుజకీర్తులు, కంఠహారం, వడ్డాణం వంటి ఆభరణాలకు ఆధారం పొనికి కర్ర. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చెక్కేదీ ఈ కర్రతోనే. ఇది బహు తేలిక, మెత్తగా చెక్కుడుపడుతుంది, పగుళ్లు తక్కువ. చెక్కిన ముక్కలపై రంగు వేసి, బంగారు వన్నె కాగితం, అద్దం బిళ్లలు అతికిస్తారు. ఆట రాత్రి పొడవునా సాగుతుంది, వేషగాడు గంటల తరబడి చిందు తొక్కాలి, గిరగిర తిరగాలి. లోహంతో చేసిన కిరీటమైతే మెడ నిలవదు. ఇక అద్దం బిళ్లల అసలు పని దివిటీ వెలుగులోనూ, ఆ తరువాత వచ్చిన పెట్రోమాక్స్ వెలుగులోనూ తెలిసేది. తల తిప్పినప్పుడల్లా వెలుగు చెదిరి చివరి వరసలో కూర్చున్న ముసలమ్మ కంటికి కూడా రాజు ఎక్కడున్నాడో తెలిసేది. భుజకీర్తులు భుజాలకు రెండువైపులా రెక్కల్లా లేచి మనిషిని వెడల్పు చేస్తాయి. బక్కపలచని కూలి మనిషి రావణుడంతవాడు కావడానికి ఆ జానెడు చెక్క చాలు.

ముఖానికి అర్దళం పూస్తారు. పసుపుపచ్చని ఈ ఖనిజపు పొడిని కొబ్బరినూనెతో కలిపి రాస్తే దీపం వెలుగులో ముఖం బంగారంలా మెరుస్తుంది. దానిపై కాటుకతో కనుబొమ్మలు, మీసాలు, ఎర్రరంగుతో పెదవులు, నామాలు తీరుస్తారు. అర్దళంలో ఆర్సెనిక్ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ముఖానికి రుద్దుకొని, చెమటతో కలిసి కారుతుంటే పాడిన మనుషుల ఆరోగ్యం గురించి ఈ కళపై రాసినవారు చాలినంత రాయలేదు. బజారులో దొరికే సిద్ధ రంగులు వచ్చాక అర్దళం వాడకం తగ్గింది. రంగు నాణ్యత తగ్గిందని బాధపడే రసికులు ఉన్నారు గానీ, ఈ మార్పు మంచిదే.

రంగేసుకొని, గజ్జె కట్టి, మొక్కుకున్నాక వేషగాడు అడ్డుతెర వెనక్కి వస్తాడు. ఇద్దరు మనుషులు పట్టుకున్న ఆ తెర వెనుక నుంచి ముందు గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. తరువాత కిరీటం కొన, ఆ తరువాత చేతివేళ్లు కనిపిస్తాయి. మద్దెల, తాళాలు, హార్మోనియం జోరందుకున్నాక ప్రవేశ దరువుతో పాత్ర తన పేరు, ఊరు, ప్రతాపం తానే చెప్పుకుంటూ బయటికి వస్తుంది. మధ్యలో నవ్వించడానికి బుడ్డర్‌ఖాన్ ఉన్నాడు. అతను రాజుగారి కొలువులో ఉంటూనే వాడలోని మనుషుల పేర్లు పెట్టి మాట్లాడతాడు, ఆ ఏటి కరువును, అప్పులను ప్రస్తావిస్తాడు. పురాణానికీ ఆ రాత్రికీ మధ్య ఉన్న గోడ అతని వల్ల కూలుతుంది.

చిందులో స్త్రీలు ఆడతారు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే ఆనవాయితీ ఉన్న కూచిపూడి భాగవత మేళాలతో పోలిస్తే ఇది పెద్ద తేడా. ఆడవాళ్లు మగవేషాలు కూడా కట్టి మెప్పించారు. కాస్‌ప్లే ప్రపంచం క్రాస్‌ప్లే అని పిలుస్తూ కొత్త విశేషంగా చెప్పుకొనే పద్ధతి మాదిగవాడ నడివీధిలో ఏనాడో మామూలు సంగతి. అయితే ఆ స్వేచ్ఛకు చిందు స్త్రీలు కట్టిన మూల్యం చిన్నది కాదు. బహిరంగంగా గజ్జె కట్టిన ఆడది అనే చులకన వాళ్లను జీవితమంతా వెంటాడింది. చిందు అనే కులం పేరే ఊళ్లలో తిట్టుమాట అయింది. రాత్రి ధర్మరాజుగా తీర్పు చెప్పినవాడు తెల్లారి కట్టడి కోసం గడప బయట నిలబడాల్సి వచ్చేది. ఈ కళను పొగిడేటప్పుడు ఆ గడపను మరచిపోతే పొగడ్త అబద్ధమవుతుంది.

జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. ఐదు దశాబ్దాలకు పైగా చిందు యక్షగానం ఆడుతున్న ఆయన ప్రదర్శనల సంఖ్య 19,000 దాటిందని పురస్కార ప్రకటన సందర్భంగా వెల్లడైంది. పురాణ కథలతో పాటు అక్షరాస్యత, పర్యావరణం వంటి అంశాలనూ ఆయన చిందులోకి తెచ్చారు. ఆ ఏడాది తెలుగు రాష్ట్రాల నుంచి పద్మ పురస్కారాలు అందుకున్నవారిలో ఆయన పేరు చూసి చాలామంది చదువరులు మొదటిసారి చిందు అంటే ఏమిటో వెతికారు. జాతీయ గుర్తింపు మిరాశి ఊళ్లలో ఆటల సంఖ్యను పెంచిందని చెప్పడం కష్టం. చిందోళ్ల బడి పిల్లలకు తమ కులం పేరు తలెత్తి చెప్పుకొనే సందర్భాన్ని మాత్రం ఇచ్చింది.

ఒక్క తువ్వాలుతో పది వేషాలు

లింగాలఘన్‌పూర్ మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథకు దేశవ్యాప్త ప్రఖ్యాతి తెచ్చారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన 2017 నవంబరు 9న కన్నుమూశారు. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఒగ్గు కథకులు చిందువారిలా పాత్రకో వేషం కట్టరు. కట్టుకున్న బట్ట మారదు, కిరీటం ఉండదు. భుజం మీది గుడ్డ తలకెక్కితే ఆడమనిషి, నడుముకు చుట్టితే రాజు, చేతిలో మడిస్తే పసిబిడ్డ. డోలు దెబ్బ మారినప్పుడు నిలబడే తీరు మారుతుంది, అంతలో మల్లన్న పోయి మేడలమ్మ వస్తుంది. వేషధారణలో సామాను ఎంత అవసరం అనే ప్రశ్నకు ఒగ్గుకథ ఇచ్చే జవాబు చాలా కటువైనది: నడక, గొంతు, చూపు కుదిరితే గుడ్డముక్క చాలు. ఖరీదైన కవచం తొడిగి కదలకుండా ఫొటోలకు నిలబడే కాస్‌ప్లేయర్లు ఒకసారి ఒగ్గుకథ చూడాలని ఈ వ్యాసకర్త కోరిక.

పగటి వేషాలు

చిందు రాత్రి ఆట. పగటి వేషగాళ్లు పట్టపగలు బజారులోకే వస్తారు. తెలంగాణలో బుడగ జంగాలు, బహురూపులు ఈ విద్యలో పేరెన్నికగన్నవారు. వేదిక ఉండదు, తెర ఉండదు, టికెట్ ఉండదు. కిరాణా కొట్టు ముందు, ఇంటి అరుగు ముందు నిలబడి రెండు పద్యాలో నాలుగు మాటలో చెప్పి, ఇచ్చింది పుచ్చుకొని పక్కింటికి పోతారు. కొన్నిరోజులు వరసగా రోజుకో వేషం వేసి, చివరి రోజున ఊరంతా తిరిగి సంభావన అడగటం ఆనవాయితీ.

ఈ వేషాల్లో కష్టమైనది అర్ధనారీశ్వర వేషం. శరీరాన్ని నిలువునా రెండుగా పంచి, ఒకవైపు జడలు, బూడిద, పులిచర్మం, రెండోవైపు చీర, గాజులు, ముక్కుపుడక అమరుస్తారు. నడిమి గీతను ఒక గుడ్డతో కప్పుకొని, ఎటు తిరిగితే అటు శివుడో పార్వతో మాత్రమే కనబడేలా నిలబడి ఇద్దరి సంవాదాన్నీ ఒక్కడే నడుపుతాడు. ముఖం సగం సగం దిద్దడానికే చాలా పొద్దు పడుతుంది.

అందరికీ ఇష్టమైనది పిట్టల దొర. తుపాకీ రాముడు, లత్కోర్ సాబ్ అనీ అంటారు. చిరిగిన ఖాకీ నిక్కరు, తలపై టోపీ, భుజాన కట్టె తుపాకీ వేసుకొని, తాను కొట్టిన పులుల గురించి, కట్టిన కోటల గురించి, కలెక్టరుతో చేసిన భోజనం గురించి ఊపిరి తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. నిజాం కాలపు అధికారులు, తెల్లదొరలు, పోలీసులు అందరూ ఆ ఒక్క వేషంలో చిక్కారు. నిజం తుపాకీ పట్టినవాణ్ణి చూస్తే పారిపోయే జనం కట్టె తుపాకీ వాడి చుట్టూ మూగి నవ్వేవారు. అధికారాన్ని దుస్తులతో అనుకరించి దాని భయం పోగొట్టిన ఈ వేషం తెలంగాణ పల్లెల సొంత ఆస్తి. పురాణ పాత్ర కాకపోయినా ప్రతి ఊరికీ తెలిసిన పాత్ర ఇది.

మొహర్రం పీర్ల పండుగకు కట్టే పులి వేషం గురించీ చెప్పాలి. ఒళ్లంతా పసుపు, నలుపు చారలు వేసుకొని, తోక కట్టుకొని, డప్పు దెబ్బకు ఎగిరే పులి చాలా ఊళ్లలో హిందువే. మొక్కుకొని కట్టే వేషం కాబట్టి దాన్ని మధ్యలో మానరు.

వేషం కానివి

పైకి వేషధారణలా కనిపించినా ఈ పద్దులో చేర్చరానివి రెండున్నాయి. మొదటిది పూనకం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు భూపాలపల్లి, మహబూబాబాద్ అడవి పల్లెల నుంచి కూడా జనం కదులుతారు. అక్కడ జుట్టు విరబోసుకొని, ఒళ్లంతా పసుపు పూసుకొని, వేపమండలు పట్టుకొని ఊగే శివసత్తులను కెమెరాలు తరచుగా వేషగాళ్లలా చూపిస్తాయి. శివసత్తి దేవత పాత్ర ధరించడం లేదు. ఆమె నమ్మకంలో దేవతే ఆమెను ధరించింది. చిందువారి ఎల్లమ్మ వేషం వేషానికీ పూనకానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. ఆట మధ్యలో వేషగత్తెకు నిజంగా పూనకం వచ్చిన సందర్భాలను పాత మేళాలవారు చెబుతారు.

రెండోది ఒక సమాజం నిత్యం కట్టే బట్ట. మహబూబాబాద్ జిల్లా తండాల్లోని లంబాడీ స్త్రీల అద్దాల రవికె, కుట్టుపని లంగా, ఎముక గాజులు, వెండి నగలు వారి కట్టుబొట్టు. బడి వార్షికోత్సవాల్లో ఇతర పిల్లలకు లంబాడీ వేషం కట్టించడం, పగటి వేషాల్లో కోయదొర వేషం కట్టడం మామూలైపోయాయి. రాముడు కథలోని పాత్ర. లంబాడీ మహిళ పక్క తండాలో పత్తి ఏరుతున్న మనిషి. ఆమె బట్టను వేషంగా చూడటం ఆమెను కథలోకి నెట్టడమే. కాస్‌ప్లే సమాజాలు కూడా ఈ ప్రశ్నతో కొన్నేళ్లుగా పెనుగులాడుతున్నాయి: పాత్రను అనుకరించవచ్చు, జాతిని అనుకరించరాదు అనే వైపు మొగ్గు పెరుగుతోంది.

పోరాట కాలంలో వేషం

తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఈ గడ్డపై వేషం రాజకీయ పని చేసింది. ప్రజానాట్యమండలి 1943లో ఏర్పడింది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని ఉద్యమ ప్రచారానికి మలిచాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, గొల్లల యాసలో ప్రశ్న జవాబుల ఆట ఆ బాణీ. దాన్ని చూసే రైతుకు ఎదురుగా ఉన్నది తన పొరుగువాడే. దేవరుప్పుల మండలం కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య తుపాకీ గుళ్లకు బలయ్యాడు. పాలకుర్తి చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను దక్కించుకుంది. ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న అంతకు రెండు శతాబ్దాల ముందటి వీరుడు. ముగ్గురూ నేటి జనగామ జిల్లా మనుషులే. బడుల్లో జెండా పండుగకు గాంధీ, ఝాన్సీ లక్ష్మి వేషాల పక్కన రోకలి పట్టిన ఐలమ్మ కనిపించడం తెలంగాణ రాష్ట్రం వచ్చాక పెరిగింది. ఊరివాళ్లు తమ వీరులకు వేషం కల్పించుకోవడం ఇంకా జరుగుతున్న పని అని దీన్ని బట్టి తెలుస్తుంది.

కామిక్ కాన్, కాస్‌ప్లే

నగరపు శాఖ చరిత్ర చిన్నది. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనానికి ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్ కాలపు దుస్తుల్లో వచ్చారు. ‘థింగ్స్ టు కమ్’ అనే సినిమా స్ఫూర్తితో ఆ రెండు జతలనూ కుట్టింది మర్టిలే. సాన్ డియేగో కామిక్ కాన్ 1970లో మొదలైంది. కాస్‌ప్లే అన్న పేరు పెట్టింది జపాన్‌కు చెందిన నొబుయుకి తకహాషి, 1980ల మొదట్లో. నగోయాలో ప్రపంచ కాస్‌ప్లే సదస్సు 2003 నుంచి జరుగుతోంది.

మనదేశంలో జతిన్ వర్మ స్థాపించిన కామిక్ కాన్ ఇండియా 2011 ఫిబ్రవరిలో ఢిల్లీ హాట్‌లో తొలి సమ్మేళనం జరిపింది. హైదరాబాద్‌కు 2013లో వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో హైటెక్స్ ప్రాంగణంలో జరుగుతోంది. జపాన్ యానిమే పాత్రలు, మార్వెల్, డీసీ వీరులు, వీడియో గేముల యోధులు అక్కడ ఎక్కువగా కనిపిస్తారు. పోటీ వేదికపై ఒక్కొక్కరూ వచ్చి పాత్ర నిలబడే తీరులో నిలబడి, రెండు కదలికలు చూపి వెళ్తారు. నిజం ఆయుధాలు లోపలికి తేకూడదు. వేషం కట్టినవారిని ముట్టుకోవడానికీ, ఫొటో తీయడానికీ ముందుగా అనుమతి అడగాలి. ఆడపిల్లలు ధైర్యంగా వేషం కట్టడానికి ఈ నియమం చేసిన మేలు చాలా ఉంది. చిందు స్త్రీకి ఇలాంటి నియమం ఏ కాలంలోనూ లేదు.

కాస్‌ప్లేయర్ ముడిసరుకు పొనికి కాదు, ఈవీఏ ఫోమ్. రెండు మిల్లీమీటర్ల నుంచి పది మిల్లీమీటర్ల మందంలో షీట్లుగా దొరుకుతుంది. ముందు కాగితంపై కొలతలు గీసి ముక్కలు కత్తిరిస్తారు. వాటిని ఫోమ్‌పై పెట్టి పదునైన బ్లేడుతో కోస్తారు. హీట్ గన్‌తో వేడిచేస్తే ఫోమ్ మెత్తబడి వంగుతుంది, చల్లారాక ఆ వంపులోనే నిలుస్తుంది. పైపొర కూడా మూసుకుపోయి రంగును పీల్చకుండా ఉంటుంది. జిగురుతో అతికించి, పూత పూసి, రంగువేసి, చివరికి గీతలు, మట్టి మరకలు దిద్ది పాతబడిన లోహంలా కనిపించేలా చేస్తారు. కత్తిపిడులు, శిరస్త్రాణాల వంటి చిక్కు ముక్కలను ఇప్పుడు త్రీడీ ప్రింటర్‌పై తీస్తున్నారు. పొనికిని చిందోళ్లు ఎందుకు ఎంచుకున్నారో ఫోమ్‌ను వీళ్లు అందుకే ఎంచుకున్నారు: తేలిక, చవక, దూరం నుంచి చూస్తే లోహం. వస్తువు కొత్తది, తర్కం పాతది.

తెలుగువారి వేషాలపై సినిమా వేసిన ముద్ర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎన్.టి.రామారావు కృష్ణుడి అలంకారం ఆ తరువాత నాటకాల కృష్ణుళ్లకూ, బడి పిల్లల కృష్ణుళ్లకూ కొలబద్ద అయింది. ‘చందమామ’లో శంకర్ గీసిన విక్రమార్క బేతాళుల బొమ్మ తరతరాల పాఠకుల కళ్లల్లో ఉంది. నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’ పేరును 2023 జూలైలో సాన్ డియేగో కామిక్ కాన్‌లోనే ప్రకటించారు. 2024లో విడుదలైన ఆ సినిమాలో అశ్వత్థామ భవిష్యత్ ప్రపంచంలో నడుస్తాడు. అదే భారత కథలోని యోధులను అప్పిరెడ్డిపల్లి కళాకారులు పెట్రోమాక్స్ వెలుగులో నడిపించారు. ఒకే కథ రెండు దారుల్లో వచ్చి కలుస్తున్నదని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఖర్చు దగ్గర మాత్రం దారులు విడిపోతాయి. కాస్‌ప్లేయర్ టికెట్ కొని లోపలికి వెళ్తాడు, వేషానికి తన జేబు డబ్బు పెడతాడు, తనకు నచ్చిన పాత్రనే ఎంచుకుంటాడు. చిందు కళాకారుడికి పాత్ర పుట్టుకతో వచ్చింది. ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ రాత్రి ఆ వాడకు ఆట ఆడాలి, ఆ కట్టడితోనే ఇల్లు గడవాలి. వలసలతో, టీవీతో, చదువులతో కట్టడి ఇచ్చే వాడలు సన్నగిల్లాయి. చాలామంది చిందు యువకులు వేరే పనుల్లోకి వెళ్లారు. వాళ్లు వెళ్లడాన్ని కళాద్రోహంగా మాట్లాడటం అన్యాయం. ఎంచుకునే స్వేచ్ఛ హైదరాబాద్ విద్యార్థికి హక్కయితే జనగామ యువకుడికీ హక్కే.

ఆహార్యం నమోదు

తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. బిరుదురాజు రామరాజు జానపద సాహిత్య పరిశోధనకు దారి వేశారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తెలుగు జానపద కళారూపాలపై పెద్ద గ్రంథం రాశారు. జయధీర్ తిరుమలరావు వాద్యాలను, పటాలను ఊరూరా తిరిగి సేకరించారు. చేర్యాల చిత్రకళకు 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా చిందు పాటలు, కథలు గ్రంథాలకెక్కినంతగా ఆహార్యం ఎక్కలేదు. ఒక భుజకీర్తిని ఎన్ని ముక్కలుగా చెక్కుతారు, ముక్కకు ముక్కను ఎలా అతుకుతారు, అద్దం బిళ్లను ఏ జిగురుతో నిలుపుతారు, తాడు ఏ రంధ్రంలోంచి తీసి చంక కింద ఎలా ముడివేస్తే తెల్లవార్లూ జారదు అనేవి చెక్కే చేతుల్లోనే ఉన్నాయి. కాస్‌ప్లేయర్లకు ఒక మంచి అలవాటు ఉంది. తాము చేసిన ప్రతి కవచానికీ కొలతల నమూనా గీసి, ముక్కలకు గుర్తులు వేసి, తయారీని మెట్టు మెట్టుగా ఫొటోలు తీసి తోటివారితో పంచుకుంటారు. ఆ పని చిందు కిరీటానికి జరగాలి. కొలతలు తీసుకునేది హైదరాబాద్ కుర్రాళ్లయినా, చెక్కిన మనిషి పేరు, ఊరు నమూనా మీద ముందుగా ఉండాలి, ఆ పనికి కూలి కూడా ముట్టాలి.